గడువు దాటింది ఎవరికి?

ఈ మధ్య ఒకామె ప్లాస్టిక్ సంచీలో కాగితాలు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. పదకొండేళ్లు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసింది. ఫ్యాక్టరీ మూతపడింది. కంపెనీని లిక్విడేషన్‌కి పంపారనీ, రావలసిన బాకీలున్న వాళ్లు 30 రోజుల్లో క్లెయిములు వేయాలనీ పేపర్లో ప్రకటన వేశారట. ఆమె ఆ పేపరు చూడలేదు. “గడువు దాటిందంటున్నారమ్మా, నా జీతం మునిగినట్టేనా?” అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు.

చట్టం తిరగేశాను. 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం, లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల కార్మికుల బకాయిలు, తాకట్టు మీద అప్పిచ్చి ఆ తాకట్టును వదులుకున్న బ్యాంకుల బాకీలతో సమానం. పి.ఎఫ్., పెన్షన్, గ్రాచ్యుటీ నిధులను కంపెనీ ఆస్తిలో కలిపి పంచడానికి వీల్లేదని 36వ సెక్షన్ అంటుంది. కార్మికులు క్లెయిము వేయకపోయినా, కంపెనీ లెక్కల పుస్తకాలు చూసి వారి బకాయిని ఒప్పుకునే వెసులుబాటును 2016 నాటి నిబంధనలు లిక్విడేటర్‌కి ఇచ్చాయి.

బాగానే ఉంది. కానీ ఆ పుస్తకాల్లో ఎవరి పేర్లుంటాయి? మస్టర్లో ఎక్కించకుండా, చేతిలో డబ్బులు పెట్టి పంపిన ఆడవాళ్లను మనం రోజూ చూస్తున్నాం. పేరున్నవాళ్లు ఆలస్యమైనా గట్టెక్కవచ్చు. పేరు లేని ఆమెకు క్లెయిము ఒక్కటే ఆధారం. గడువు వేటు పడేది దాని మీదే.

గడువు దాటితే దారి పూర్తిగా మూసుకుపోదు. కారణం చూపి నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌ని అడగవచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం దాని ఇష్టం. కానీ సొమ్ము పంచేశాక గెలిచినా చేతికేం వస్తుంది?

అందుకే లిక్విడేషన్ దాకా ఆగకూడదు. దివాలా ప్రకటన పడిన వెంటనే క్లెయిము వేయించాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక ప్రకటనలో ఉన్న తేదీనే పట్టుకోవాలి. అందరి తరపునా ఒక ప్రతినిధి వేయవచ్చు. గేటు పాసు, పాసుబుక్కు, పి.ఎఫ్. చీటీ, జీతం అడుగుతూ రాసిన ఉత్తరం, ఏదీ పారేయవద్దు. ప్రకటనను పేపర్లతో సరిపెట్టక, ఫ్యాక్టరీ గేటు మీదా కార్మికుల బస్తీల్లోనూ అంటించాలని మనం గట్టిగా అడగాలి.

ఆమెదీ, ఆమెతో పనిచేసిన మరి కొందరిదీ కలిపి దరఖాస్తు వేశాం. ఇంకా ఏమీ తేలలేదు. మీ ఊళ్లో మూతపడిన గేటు ఉంటే, ఈ వారమే వెళ్లి ఆ ఆడవాళ్లను కలవండి.