టికెట్టు ప్రియం... టూరు చౌక!

మెదక్ రాందాస్ చౌరస్తాకు దగ్గర్లో చిన్న ట్రావెల్స్ దుకాణం. లెక్కల మాస్టారుగా రిటైరైన ఒకాయన భార్యతో సహా కౌంటరు ముందు కూర్చున్నారు. కొడుకూ కోడలూ దుబాయ్‌లో ఉంటున్నారు. మనవరాలు పుట్టి మూడు నెలలైంది. ఇద్దరూ వెళ్లి చూసి రావాలి. కౌంటరు కుర్రాడు కంప్యూటర్లో వెతికి రానూపోనూ టికెట్ల ధర చెప్పాడు. మాస్టారి మొహం చిన్నబోయింది. అంతలో గోడ మీది పోస్టరు ఆయన కంటబడింది. దుబాయ్, నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. విమానం, హోటలు, పొద్దున్నే టిఫిను, ఎడారిలో జీపు సవారీ... అన్నీ కలిపి మనిషికయ్యే ఖర్చు ఉత్త టికెట్టు కంటే తక్కువ!

"గిదేంది బాబూ? ఉత్త టికెట్టుకు గంత. రూము, తిండి, తిరుగుడు గలిపితే గింతేనా? ఎట్లయితది?"

"అదంతే సార్!"

లెక్కల మాస్టారి దగ్గర 'అదంతే' అంటే కుదురుతుందా? పోనీ ఆ కుర్రాడిది తప్పా అంటే అదీ కాదు. అతనికి కంపెనీ పంపిన ధర అది. ఎందుకలా ఉందో ఎవరూ చెప్పి ఉండరు.

నిజానికి ఈ వింత దుబాయ్ మోజుతో పుట్టింది కాదు. 1950లోనే లండన్‌లో ఇదే ప్రశ్న వచ్చింది. రాయిటర్స్ వార్తాసంస్థలో పనిచేసిన వ్లాదిమిర్ రైట్జ్ అనే యువకుడు, అమ్మమ్మ వదిలివెళ్లిన మూడు వేల పౌండ్లతో హొరైజన్ హాలిడేస్ అనే సంస్థ పెట్టాడు. ఓ డకోటా విమానాన్ని మొత్తంగా అద్దెకు మాట్లాడుకుని కోర్సికా దీవిలోని కాల్వికి జనాన్ని తీసుకెళ్లాడు. గుడారాల్లో బస, భోజనం, విమానం... అన్నిటికీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. అప్పట్లో ఆ పక్కనే ఉన్న నీస్ నగరానికి మామూలు విమానం టికెట్టే దాదాపు 70 పౌండ్లు! ప్రభుత్వ విమాన సంస్థకు పోటీ వస్తుందని అధికారులు మొదట ఒప్పుకోలేదు. చివరికి విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ మాత్రమే తీసుకెళ్లాలన్న షరతుతో అనుమతిచ్చారు. (మన మాస్టారు అప్పుడు అక్కడుంటే దర్జాగా వెళ్లొచ్చేవారు.) అక్కడితో ఆగలేదు. మామూలు విమానంలో అతి తక్కువ ఛార్జీ ఎంతో, టూరు ధర అంతకంటే తగ్గకూడదని బ్రిటన్‌లో ఒక నిబంధన కూడా ఉండేది. 1970ల తొలినాళ్లలో గానీ అది పోలేదు. తక్కువకు అమ్మడం సాధ్యం కాకపోతే, అమ్మకూడదని నిబంధన ఎందుకు పెడతారు?

రైట్జ్ కిటుకు తేలికైనదే. సగం ఖాళీగా ఎగిరే విమానంలో ఒక్కో సీటు ఖర్చు ఎక్కువ. ప్రతి సీటూ నింపితే తక్కువ. కానీ ఈనాటి ప్యాకేజీలకు ఎక్కువగా విడిగా విమానాలు ఉండవు. మాస్టారు అడిగిన టికెట్టూ, పోస్టరు మీది టూరూ ఒకే విమానంలోవి కావచ్చు. పక్కపక్క సీట్లే కావచ్చు. అయినా ధర వేరు. ఇది అర్థం కావాలంటే సంతకు వెళ్లాలి.

పొద్దుగుంకే వేళ. టమాటాలవాడి దగ్గర ఇంకా రెండు గంపలు మిగిలాయి. తెల్లారితే మెత్తబడిపోతాయి. 'సగం ధర' అని అరిస్తే ఇట్టే అమ్ముడుపోతాయి. అరవడు. అరిచాడంటే నిండు ధర ఇవ్వడానికి సంచీ పట్టుకుని నిలబడ్డవాళ్లు కూడా సగమే ఇస్తామంటారు. వచ్చే వారం నుంచి అందరూ పొద్దుగుంకాకే వస్తారు. అందుకే పక్క వీధి మెస్సాయన్ని పిలిచి, చెవిలో ధర చెప్పి, గంపలు రెండూ అతనికి వేసేస్తాడు. మర్నాడు మెస్సులో భోంచేసేవాడికి అన్నం, పప్పు, రసం, అప్పడం కలిపి ప్లేటు ఇంత అని తెలుస్తుంది. అందులో టమాటా ఖరీదెంతో ఎవరు కనిపెడతారు?

విమాన కంపెనీ చేసేదీ అదే. తలుపు మూశాక ఖాళీ సీటు మురిగిన టమాటాతో సమానం. అలాగని అందరికీ కనిపించేలా ధర తగ్గిస్తే, రేపు పొద్దున మీటింగ్ ఉండి ఎంతైనా ఇచ్చే వ్యాపారి కూడా తగ్గిన ధరకే కొంటాడు. అందుకే టూర్ల వాళ్లకు గుంపుగా, ముందుగా, లోపాయికారీగా ఇస్తుంది. ఒక షరతు మాత్రం పెడుతుంది. ఆ టికెట్టును విడిగా అమ్మకూడదు, హోటలుతో కలిపే అమ్మాలి. ప్లేటు భోజనంలో కలిసిపోయాక సీటు అసలు ధర బయటపడదన్నమాట.

హోటళ్లదీ ఇదే గోల. రాత్రి ఖాళీగా ఉన్న గది పొద్దున్నే అమ్ముడుపోదు. జూన్ నుంచి ఆగస్టు దాకా దుబాయ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గదులు ఇంకా దిగుతాయి. దానికితోడు షాపింగుకని దింపే దుకాణాల నుంచీ, 'కావాలంటే అదనం' అనే విహారాల నుంచీ టూరు వాళ్లకు కమీషన్లు. తీసుకున్న సీట్లు తేదీలోగా నిండకపోతే కట్టిన డిపాజిట్టు పోతుందన్న భయం ఇంకోటి. ఆఖరి వారాల్లో ధర మరింత దిగేది అందుకే.

"అయితే ఆ ప్యాకేజే రాయి. హోటలు మాకెందుకు, కొడుకు రూములనే ఉంటం. నెల రోజులు ఉండి వస్తం" అన్నారు మాస్టారు హుషారుగా.

అక్కడే ఉంది మెలిక. చౌక టికెట్టుకు తాళ్లు కట్టి ఉంటాయి. గ్రూపు టికెట్టులో తిరుగు తేదీ సాధారణంగా మారదు. ఐదో రోజు ఆ విమానం ఎక్కకపోతే టికెట్టు వృథా. తిరిగొచ్చేందుకు అక్కడ మళ్లీ కొనాలి, అదీ ఒకవైపు టికెట్టు. పెద్ద కంపెనీల్లో ఒకవైపు టికెట్టు ఒక్కోసారి రానూపోనూ కంటే ఎక్కువ పడుతుంది! పోయేటప్పుడే మొదటి విమానం తప్పితే, తిరుగు టికెట్టు కూడా దానంతటదే రద్దయ్యే రకం ఎక్కువ. వీసా గడువు దాటితే రోజుకింతని జరిమానా.

ఈ తాళ్లు తెలియక గట్టిగా దెబ్బతినేది మాస్టారి లాంటివాళ్లు కాదు. గల్ఫ్‌కు మనుషులు వెళ్లే ఊళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. చౌక టూరు టికెట్టూ పర్యాటక వీసా చేతిలో పెట్టి 'ముందు వెళ్లు, పని అక్కడ చూద్దాం' అనే ఏజెంట్లు ఉన్నారు. ఆ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం. పదో తరగతి పాసవని వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. పర్యాటకుడిగా పంపితే ఆ తనిఖీ తప్పిపోతుంది. జీతం ఎగ్గొట్టినా అడిగే దారి ఉండదు. ఇక్కడ చౌక ఎవరికి, ప్రియం ఎవరికి?

నిజంగా ఐదు రోజులు తిరిగి రావాలనుకునేవాళ్లకు మాత్రం ప్యాకేజీ మంచి బేరమే. పోస్టరు కింద చిన్నక్షరాలు చదివితే చాలు. ఆ ధర ఇద్దరు ఒకే గదిలో ఉంటేనే. వీసా, బీమా, టిప్పులు అందులో ఉన్నాయా? సామాను ఎన్ని కిలోలు? ఇంకోటి... 2020 అక్టోబరు నుంచి విదేశీ టూరు ప్యాకేజీల మీద టీసీఎస్ అని పన్ను వసూలు చేస్తున్నారు. దాని రేట్లు మారుతూ వచ్చాయి. ఉత్త విమానం టికెట్టుకు అది లేదు. పన్ను కట్టక్కర్లేని పింఛనుదారు ఆ సొమ్ము వెనక్కి రాబట్టుకోవాలంటే రిటర్ను వేయాల్సిందే.

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, పోస్టరు ధర పక్కన తిరుగు టికెట్టు, జరిమానా, పన్ను... అన్నీ వేసి కూడారు. మొదటి ధరను దాటేసింది. అయినా ఐదు రోజులకే వెళ్లొద్దామా అని భార్య వంక చూశారు.

"ఐదు దినాలల్ల పిల్ల మన మొఖం గూడ గుర్తుపట్టది" అందావిడ.

కుర్రాడు మళ్లీ కంప్యూటరు వైపు తిరిగాడు. "సార్, వారం మధ్యల పోతే కొంచెం తగ్గుతది. చూడమంటరా?"