గోటిమొదలు చెప్పు సంగతి

ధనుర్మాసమున తెల్లవాఱకముందే చన్నీళ్లతో కల్లాపి చల్లి ముగ్గుపెట్టునపుడు కొందఱు స్త్రీలకు వ్రేళ్లకొనలు సున్నము పూసినట్లు తెల్లబాఱి, పిమ్మట నీలమై, వెచ్చపడినంతనే ఎఱ్ఱబడి సలుపును. మన గోదావరిసీమలో చలి యేపాటిదని దీనిని త్రోసివేయరాదు. ఫ్రాన్సుదేశపు వైద్యుడు మారిస్ రేనో 1862లో దీనిని వర్ణించెను గాన దీనికి రేనో లక్షణమని పేరు.

పెక్కుమందికి ఇది నిరపాయమే. కాని కొందఱికి స్క్లెరోడెర్మా యను వ్యాధికి తొలిసూచన. అందు చర్మము బిగిసి గట్టిపడును. ఊపిరితిత్తులకు, గుండెకు, మూత్రపిండములకును ముప్పు రావచ్చును. పురుషులకంటె స్త్రీలకే ఇది హెచ్చు.

ఈ రెంటిని వేఱుపఱచుటకు గోటిమొదలు తోడ్పడును. మన దేహమున తక్కినచోట్ల కేశనాళికల కొనలు మాత్రమే చర్మము క్రిందికి వచ్చును. గోటిమొదట నవి యడ్డముగా పండుకొని యుండుటచే నిలువెల్ల కనుపించును. వైద్యుడు రోగిని కొంతసేపు గదిలో కూర్చుండబెట్టి, అచట నూనెచుక్క వేసి సూక్ష్మదర్శినితో చూచును. సూది లేదు, నొప్పి లేదు. ఆరోగ్యవంతులకు అవి తలపిన్నులవలె వంగి, వరుసగా నాటిన నారువలె మిల్లీమీటరునకు ఇంచుమించు 7గాని అంతకు మించిగాని యుండును. వ్యాధిగలచోట కొన్ని 50 మైక్రానులకు మించి యుబ్బును. చిన్న నెత్తుటిమరకలు కనుపించును. రానురాను పెక్కు నశించి నడుమ ఖాళీలేర్పడును.

అయినను ఇదొక్కటే తీర్పు కాదు. 2013లో అమెరికా, ఐరోపా వైద్యసంఘములు కూడి యేర్పఱచిన కొలతలో 9 మార్కులకు గాని ఈ వ్యాధియని లెక్కింపరు. అందు రేనో లక్షణమునకు 3, గోటిమొదలి వికారమునకు 2 మాత్రమే. రక్తపరీక్షయు కావలయును. రెండును సరిగా నున్నవారికి పిదప వ్యాధి వచ్చుట అరుదు. వారు నిశ్చింతగా నుండవచ్చును.

వ్రేళ్లుబ్బి ఉంగరము బిగిసినను, కొనలయందు పుండ్లు పడినను, మ్రింగుట కష్టమైనను, ఆయాసము తోచినను జాగు చేయరాదు. కాకినాడ రంగరాయ వైద్యకళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల వైద్యులను, హైదరాబాదు నిమ్సులో కీళ్లవ్యాధుల విభాగమును అడుగవచ్చును. పరీక్షకు ముందు కొన్నివారములు గోటిమొదలి చర్మమును కత్తిరింపరాదు. గోరింట యెఱుపు చూపునకు అడ్డుపడవచ్చును గాన అదియు మానుట మేలు.

ఇంటిల్లిపాదికి ఒడలు వెచ్చనైన నుదురు తాకి చూచు మనము మన వ్రేళ్లను చూచుకొనము. చర్మము బిగియకముందే వ్యాధి తెలిసినచో ఊపిరితిత్తులను, గుండెను కనిపెట్టి యుండుటకు వ్యవధి దొరకును. కావున వ్రేళ్లు తెల్లబాఱు సోదరి ఆ మాట ఇంటివారితో నేడే చెప్పవలయునని మేము కోరుచున్నాము.