పాత విల్లుకు వార్నిష్ వద్దు

ఈసారి మేము ఒక విల్లు గురించి రాస్తున్నాం. పురాణాల్లో విల్లు కాదు, వసంత్ కుంజ్‌లో ఒక డీడీఏ ఫ్లాట్‌లో అలమారా పైన ఉన్న విల్లు. దాన్ని ఏం చేయాలన్న విషయంలో మాకూ మా ఇళ్ళలోని పెద్దవాళ్ళకూ నెల రోజులుగా పేచీ నడుస్తోంది. ఆ పేచీలో మా వైపు వాదన ఇది.

ముందు విల్లు సంగతి. మా మిత్రుడి నాన్నగారు పాడేరు వైపు ఉద్యోగం చేసి బదిలీ మీద వెళ్ళిపోతున్నప్పుడు ఒక ఊరివాళ్ళు దాన్ని ఆయన చేతిలో పెట్టారు. అప్పటికే అది వాడిన విల్లు. వెదురు బద్దను చెక్కి చేసింది. (వెదురు గడ్డి జాతి, చెట్టు కాదని మా బయాలజీ టీచర్ గుర్తుచేస్తారు. మాకు మాత్రం అది కర్రే.) దానికి కట్టింది తాడు కూడా కాదు, సన్నగా చీల్చిన వెదురు పేడు. పాడేరు నుంచి విశాఖపట్నం, అక్కడి నుంచి జోధ్‌పూర్, ఆ తర్వాత ఢిల్లీ. మనందరిలాగే అదీ లారీల్లో తిరిగింది. జోధ్‌పూర్‌లో ఒక చివర పొడుగునా బీట వారింది. ఢిల్లీకి వచ్చేసరికి వెదురు నారి తెగిపోయింది.

నారి అనగానే మాలో సగం మందికి హిందీ మాటే గుర్తొచ్చింది. తెలుగులో వింటికి కట్టేదాన్ని కూడా నారి అంటారని ఇంట్లో అడిగితే తెలిసింది. అల్లెతాడు అన్నా అదే. నార, నారి అన్న మాటలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఢిల్లీలో పెరుగుతూ ఇలాంటి మాటలు మనం పుస్తకంలో కాకుండా ఒక వస్తువు పక్కన కూర్చుని నేర్చుకోవడం అరుదు.

పెద్దవాళ్ళ ఆలోచన సులువైనది. కార్పెంటర్‌ని పిలిచి, ఉప్పుకాగితంతో రుద్దించి, పగుల్లో ఫెవికాల్ పోయించి, వార్నిష్ కొట్టించి హాల్లో మేకుకి తగిలించాలి. కార్పెంటర్ వచ్చాడు కూడా. ఒక చివర నాలుగు వేళ్ళ మేర రుద్దేసరికి మిత్రుడి నాయనమ్మగారు చూసి ఆపించారు. ఆ నాలుగు వేళ్ళ మేరా ఇప్పుడు కొత్త నిచ్చెన కర్రలా తెల్లగా ఉంది. మిగిలినదంతా పొగ పట్టి గోధుమరంగులో ఉంది. సరిగ్గా మధ్యన, పట్టుకునే చోట, చెమటకీ చేతి జిడ్డుకీ నల్లబడి నున్నగా ఉంది. కార్పెంటర్ దాన్ని మురికి అన్నాడు. అది మురికి కాదు. ఆ విల్లును ఏళ్ళ తరబడి ఎవరో వాడారనడానికి మన దగ్గర ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఆ మనిషి పేరు మనకి తెలియదు. నలుపు కూడా పోతే ఇక ఏమీ మిగలదు.

రుద్దడం వల్ల ఇంకో నష్టం ఉంది. వెదురు బొంగును అడ్డంగా కోసి చూస్తే, లోపలి వైపు కంటే పైతొక్క దగ్గర నార చాలా దట్టంగా కనిపిస్తుంది. బలమంతా అక్కడే. ఉప్పుకాగితం ముందుగా తినేసేది ఆ పొరనే. పైకి అందంగా కనిపించడం కోసం లోపలి మెత్తని భాగాన్ని మిగిల్చి గట్టిదాన్ని పొడి చేసి ఊదేయడం అన్నమాట.

బీట ఎందుకు వారింది? దీనికి సైన్సు పుస్తకం చాలు. కర్ర చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 65 శాతం ఉంటే మామూలు చెక్కలో దాని బరువులో సుమారు 12 శాతం నీరు నిలుస్తుంది. గాలి 30 శాతానికి ఎండితే చెక్కలో 6 శాతానికి పడిపోతుంది. నీరు పోయినకొద్దీ అడ్డంగా ముడుచుకుంటుంది, పొడుగునా దాదాపు ముడుచుకోదు. అందుకే పగులు నిలువునా వస్తుంది. విశాఖ ఉక్కపోతకు అలవాటు పడిన కర్రని జోధ్‌పూర్ తీసుకెళితే ఇంకేం జరుగుతుంది? ఢిల్లీలో అయితే ఒకే ఏడాదిలో మే నెల వడగాలి, ఆగస్టు చెమట, జనవరి హీటరు మూడూ ఉన్నాయి. ఆ పగుల్లో ఫెవికాల్ పోస్తే వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు జిగురు కదలదు, పక్కన కొత్తచోట చీలుతుంది. మ్యూజియంలలో పనిచేసేవాళ్ళు పాటించే నియమం ఏమిటంటే, ఈరోజు చేసినదాన్ని రేపు ఇంకొకరు విప్పగలగాలి. అందుకే చర్మాలు కాచి తీసే పాతకాలపు జిగురు లాంటివి వాడతారు. అది గోరువెచ్చని నీటికి కరిగిపోతుంది. అవిసె నూనె పూయమని కూడా ఒకరు సలహా ఇచ్చారు. అది కొన్నేళ్ళకి జిగటగా మారి నల్లబడుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. అదీ వద్దు.

ఇక మాలోనే ఉన్న రెండో పక్షం. వాళ్ళ వాదన మాకు తేలిక అనిపించలేదు. బాణం వేయని విల్లు విల్లేనా, నైలాన్ తాడు కట్టి ఒక్కసారైనా లాగి చూడాలి అంటారు. లాగితే ఏమవుతుందో చెప్పుకుందాం. విల్లు వంగినప్పుడు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. మన చేతి బలమంతా ఆ రెండు ముఖాల మధ్య శక్తిగా నిలువ ఉంటుంది. కొత్త వెదురుకు ఆ సాగుడు ఓర్చుకునే గుణం ఉంటుంది. ఎండిపోయి, బీట వారి, ఒక చివర రుద్దేసిన వెదురుకు ఉండదు. అది ముఖానికి జానెడు దూరంలో విరుగుతుంది. పైగా నైలాన్ తాడు, వెదురు నారి ఒకేలా ప్రవర్తించవు. బాణం పెట్టకుండా ఉత్తినే లాగి వదలడం మరీ ప్రమాదం. బాణం పట్టుకెళ్ళాల్సిన శక్తి తిరిగి వింటికే తగులుతుంది. మాలో ఓటింగ్ జరిగింది. లాగొద్దన్నవాళ్ళు తొమ్మిది మంది, లాగుదామన్నవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురిని తప్పుపట్టడం లేదు. వాళ్ళు అడిగింది సరైన ప్రశ్నే. జవాబు మాత్రం ఈ విల్లు దగ్గర లేదు.

ఆ జవాబు పాడేరు వైపే ఉంది. చైత్రమాసంలో అక్కడి గిరిజన గ్రామాల్లో ఇటుకల పండుగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులతో అడవిలోకి వెళ్ళడం ఆ పండుగలో భాగం. అంటే విల్లు చేయడం వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. అయితే రోజువారీ అవసరం తగ్గింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. వేట లేనిచోట విల్లు చేసే పని కొడుక్కి నేర్పాలని ఏ తండ్రికైనా ఎందుకు తోస్తుంది? 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. కాబట్టి ముడిసరుకు మీద హక్కు కాగితం మీద ఉంది. కావలసింది విల్లు అడిగేవాళ్ళు. పాత విల్లు మీద వార్నిష్‌కీ కార్పెంటర్‌కీ పెట్టే డబ్బుతో అక్కడ కొత్త విల్లు చేయించాలి, బాణం దానితో వేయాలి. ఇదే మా అభిప్రాయంలో ముఖ్యమైన భాగం. పాతదాన్ని బాగుచేయడం అంటే మాకు అర్థమైనది ఇదే.

ఇంట్లో ఇంకో మాట కూడా వచ్చింది. ఇది అల్లూరి సీతారామరాజు విల్లు లాంటిది, మెరిసేలా పెట్టాలి అని. ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో అట్టముక్క విల్లు పట్టుకుని అల్లూరి వేషం వేయని తెలుగు పిల్లలు మనలో ఎవరైనా ఉన్నారా? కానీ 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద ఆయన దాడి చేసింది తుపాకుల కోసం. విల్లు ఎంతవరకు పనికొస్తుందో మనకంటే ఆయనకు బాగా తెలుసు. ఈ విల్లు ఏ వీరుడిదీ కాకపోవచ్చు. ఎవరో ఒక రైతుది, కుందేలు కోసమో పందుల్ని తరమడం కోసమో చేసుకున్నది కావచ్చు. అయినా దాని విలువ తగ్గదు.

విలువిద్యకు మన దగ్గర గొప్ప పేర్లు లేక కాదు. ఉదయ్‌పూర్ వైపు అడవి ప్రాంతంలో వెదురు విల్లుతో మొదలుపెట్టిన లింబా రామ్ మూడు ఒలింపిక్స్‌లో ఆడారు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చారు. మనకు పక్కనే గురుగ్రామ్‌లో గురు ద్రోణాచార్య పేరుతో మెట్రో స్టేషన్ ఉంది. ఏకలవ్యుడి పేరుతో మాత్రం ఎల్లో లైన్ పొడుగునా మాకు ఏ స్టేషనూ దొరకలేదు!

ఇప్పటివరకు చేసింది చెబుతాం. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపాం. న్యూస్ పేపర్లు అతికించి దాని మీద విల్లు ఆకారం గీసుకున్నాం. అయిదడుగులకి రెండు అంగుళాలు తక్కువ. ఫొటోలు తీశాం. పుచ్చు పురుగు రంధ్రాలు ఉన్నాయేమోనని టార్చ్ వేసి వెతికాం, లేవు. ఉంటే మ్యూజియంలలో సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడతారట. మన ఫ్రిజ్‌లో అయిదడుగుల విల్లు ఎక్కడ పడుతుంది? తెగిన నారిని పారేయకుండా కవర్లో పెట్టి విల్లుతో పాటే ఉంచాం. గోడకి ఆనించకుండా, మేకుకి వేలాడదీయకుండా రెండు గుడ్డ చుట్టల మీద పడుకోబెట్టాం, కూలర్‌కీ హీటర్‌కీ దూరంగా. స్టిక్కర్ అంటించకుండా నూలుదారంతో ఒక అట్టముక్క కట్టాం. దాని మీద ఊరి పేరు, ఇచ్చిన సంవత్సరం, తిరిగిన ఊళ్ళ వరస, రుద్దిన చోటు ఎవరి పనో అన్నీ రాసి ఉన్నాయి. పగులు ఇంకా పెరిగితే లోధీ ఎస్టేట్‌లోని ఇంటాక్ వాళ్ళని అడగాలని నాన్నగారు ఒప్పుకున్నారు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉంటాయి. కొండపల్లి బొమ్మో, తాతగారి వీణో, అస్సాం బుట్టో, నాగాలాండ్ ఈటెో. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రాగానే అమ్మానాన్నలు రెండు కుప్పలు వేస్తారు కదా, తీసుకెళ్ళేవి, వదిలేసేవి. ఏది ఎక్కడిదో రాసి ఉన్న వస్తువు రెండో కుప్పలోకి అంత సులువుగా పోదు. ప్యాకర్స్ రాకముందే అట్టముక్క కట్టండి.

కొత్త విల్లు కోసం నాన్నగారు పాడేరులో పాత పరిచయస్తుడికి ఫోన్ చేశారు. ధర చెప్పకముందే అవతలి నుంచి వచ్చిన ప్రశ్న: వేసేవాళ్ళ ఎత్తెంత, ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా? గుమ్మానికి ఆనుకుని పదహారు మందిమి కొలతలు తీసుకున్నాం. మాలో ఇద్దరు ఎడమచేతి వాటం. వాళ్ళ నాన్నగార్ల పేర్లు ఈ ఏప్రిల్ బదిలీల జాబితాలో ఉన్నాయట, అందుకని ముందు వాళ్ళ కొలతే పంపించాం.