బొమ్మలకో మూల

దేవుడికి ఒక అర, టీవీకి ఒక గోడ, బీరువాకి ఒక మూల, ఇస్త్రీ బల్లకి తలుపు వెనక చోటు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అన్నిటికీ ఏదో ఒక సర్దుబాటు జరుగుతుంది. బొమ్మలు వేసే మనిషికి మాత్రం ‘ఎక్కడో ఒకచోట కూర్చుని వేసుకో’ అన్న అనుమతి దొరుకుతుంది. అంటే డైనింగ్ టేబుల్ మీద. అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు.

ఒకసారి లెక్కేసి చూడండి. మంచం కింద నుంచి రంగుల పెట్టె లాగాలి, పాత పేపర్లు పరవాలి, నీళ్లు తెచ్చుకోవాలి. ఇరవై నిమిషాలు. మళ్లీ అన్నీ కడిగి, బల్ల తుడిచి, ఆరని బొమ్మను ఎక్కడ పెట్టాలో తెలీక ఫ్రిజ్ మీదకి చేర్చేసరికి ఇంకో ఇరవై. దొరికిన రెండు గంటల్లో మూడోవంతు సర్దుడుకే సరి! పెళ్లికి ముందు చక్కగా బొమ్మలేసే అమ్మాయిలు తర్వాత మానేస్తే ‘తీరిక లేదు కదా’ అనుకుంటాం. తీరిక ఒక్కటే కాదు, ఈ విసుగు కూడా. మానేశానని ఎవరూ చాటింపు వేయరు. ఒకరోజు ట్యూబు మూత తిప్పితే లోపల రంగు గట్టిపడి ఉంటుంది, అంతే.

కాబట్టి వాళ్లకి కావలసింది పెద్ద గది కాదు. సగంలో ఆపిన బొమ్మ మర్నాటిదాకా ఎవరూ కదపకుండా ఉండే చోటు. ఇటలీలోని బొలోన్యాలో జార్జో మొరాండీ అనే చిత్రకారుడు ముగ్గురు చెల్లెళ్లతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాడు. సీసాలు, కూజాలు, గిన్నెలు... ఎక్కువగా ఇవే వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. దశాబ్దాలపాటు ఆయన పడుకున్నదీ, బొమ్మలు వేసిందీ ఒకే చిన్న గదిలో. ఒంటి మంచం పోను మిగిలినదంతా సీసాలే. వాటి మీద దుమ్ము పేరుకున్నా అలాగే ఉండేది. అంతదూరం ఎందుకు, మన చేర్యాల నకాషీలకీ, కొండపల్లి బొమ్మల కళాకారులకీ తరతరాలుగా ఇల్లే పనిచోటు.

మన ఫ్లాట్‌లో ఆ చోటు ఎక్కడ? నన్నడిగితే హాల్లోనే. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే చుట్టాల కోసం ఏడడుగుల సోఫా వేసుకుంటాం. అందులో ఒక కుర్చీ తీసేసినా, కిటికీ పక్కన మూడడుగుల బల్ల పడుతుంది. అదీ కుదరకపోతే గోడకి బందులు కొట్టి ప్లైవుడ్ మడతబల్ల పెట్టించుకోవచ్చు, వడ్రంగికి పెద్ద పనేం కాదు. మెట్ల కింద అర, స్టోర్‌రూమ్ మాత్రం వద్దు. వెలుతురుండదు, రంగుల వాసన బయటికి పోదు. మిద్దె మీది రేకుల గది విశాలంగానే ఉంటుంది కానీ మే నెలలో అందులో కూర్చుంటే మనిషికన్నా ముందు ఆక్రిలిక్ రంగు ఆరిపోతుంది. బాల్కనీ బాగానే ఉంటుంది, వానజల్లునీ పావురాలనీ ఆపగలిగితే.

ఉత్తరం కిటికీ మంచిదని చిత్రకారులంటారు. ఇది వాస్తు కాదు. అటు నుంచి నేరుగా ఎండ పడదు, వెలుతురు రోజంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అయితే ఇది యూరప్‌లో పుట్టిన మాట. మన దగ్గర మే నుంచి జులై దాకా సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి పొద్దునా సాయంత్రం ఆ కిటికీలోంచీ ఎండ వస్తుంది. పల్చటి తెల్లగుడ్డ కడితే సరిపోతుంది. కుడిచేతి వాళ్లయితే కిటికీ ఎడమవైపు ఉండాలి, చేతినీడ బొమ్మ మీద పడదు. రాత్రిపూట వేసేవాళ్లు పసుపు వెలుగు బల్బుల్ని నమ్ముకోవద్దు. వాటి కింద తెలుపుకీ లేత పసుపుకీ తేడా తెలీదు. 4000 నుంచి 5000 కెల్విన్ ఎల్‌ఈడీ తీసుకోండి, సీఆర్‌ఐ 90కి తగ్గకుండా చూసుకోండి.

బొమ్మని దూరం నుంచి చూడ్డానికి వెనక్కి జరిగే చోటు లేదా? ఎదురుగోడకి ఒక అద్దం తగిలించండి. అందులో చూస్తే దూరమూ పెరుగుతుంది, కుడిఎడమలు తారుమారై బొమ్మలోని వంకరలూ బయటపడతాయి.

నూనె రంగులు వేసేవాళ్లకి ఇంకో సంగతి. టర్పెంటైన్‌కి చప్పున నిప్పంటుకుంటుంది. వంటింటి గట్టు మీదకీ, పసిపిల్లలు పడుకునే గదిలోకీ దాన్ని రానీయకండి. అవిసెనూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయడం అంతకన్నా ప్రమాదం. అగ్గిపుల్ల గీయకపోయినా వాటంతటవే వేడెక్కి మండిపోగలవు. తడిపి, విడివిడిగా పరిచి బయట ఆరబెట్టాకే చెత్తలో వేయండి.

అద్దె ఇల్లయితే ముందు రెక్సిన్ షీటు కొనండి, తర్వాతే రంగులు. తెల్ల మార్బుల్ నూనెని ఇట్టే పీల్చేసుకుంటుంది. ఆ మరకని ఇంటాయన ఇల్లు ఖాళీ చేసే రోజున చూసి, అడ్వాన్సులో కోసుకుంటాడు.