గాదంకి లెక్క, అవ్వ పొయ్యి

చిత్తూరులో తిరుపతి బస్సెక్కితే మధ్యలో గాదంకి వస్తుంది. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ఆ దోవనే తిరిగా. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉందని, 1024 యాంటెన్నాల రాడార్ ఉందని తెలుసు. అంతకుమించి పట్టించుకుంటే ఒట్టు.

2018లో అక్కడి శాస్త్రవేత్త ఎం. వెంకటరత్నంగారికి శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. 45 ఏళ్లలోపు శాస్త్రవేత్తలకు మన దేశంలో అది చాలా పెద్ద గౌరవం. 'మన ఊరి పక్కనే' అని వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టా. ఆ బహుమతి వాతావరణ శాస్త్రానికి, ఊపిరితిత్తుల జబ్బులకు కాదు. కానీ గాదంకిలో గాలులు, రుతుపవనాలతో పాటు గాల్లో తేలే దుమ్మూ పొగా రేణువులను కూడా కొలుస్తారు. లేజర్ కిరణాన్ని పైకి వదిలి, తిరిగొచ్చే వెలుగును బట్టి ఏ ఎత్తులో ఎంత ఉందో లెక్కగడతారు.

ఆ రేణువుల సంగతి మా ఇంటికి పోయినేడు వచ్చింది. అవ్వకు ఆయాసం. "బీడీ అలవాటుందా?" అన్నాడు డాక్టరు. నవ్వింది. "వంట దేనిమీద?" అన్నాడు. నవ్వు ఆగింది.

1999లో మొదలైన 'దీపం' పథకంలో వచ్చిన గ్యాసు మా ఇంట్లో ఉంది. అది కాఫీకి. సంగటికి మాత్రం కట్టెల పొయ్యే, పక్కన ఊదుగొట్టం. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ముక్కు ఆపలేనంత సన్నం కాబట్టి ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి సంచుల దాకా పోతాయి. ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. (ఈ తేడా చూసి మా టీమ్‌లో ఎవరైనా ఇలా టెస్ట్ పాస్ చేయిస్తే ఊరుకుంటామా అనిపించింది.)

ఆన్‌లైన్‌లో చిన్న మీటరు కొని వంటింట్లో పెట్టా. చవక సరుకు, అంకెను పూర్తిగా నమ్మలేం. అయినా అవ్వ ఊదుగొట్టం ఎత్తగానే వందలు దాటింది. ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తున కొలిచే చోటికి బస్సు దూరంలో ఉండి, అవ్వ మొహం దగ్గర కొలవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

"అవ్వా, ఇక గ్యాసు మీదే" అన్నా.

"గెలికితే స్టవ్వు కూడా తిరగతాది నాయనా. నువ్వు పట్టుకుంటావా?"

రెండు రోజులు పట్టుకుని చూశా. నిజమే, సంగటి గెలికే బలానికి ఆ స్టవ్వు నిలవదు. చదువుకున్నవాళ్లు తప్పంతా అలవాటుదే అంటారు గానీ, సగం తప్పు ఆ స్టవ్వుదే. వెల్డింగ్ షాపులో బరువైన ఇనుప స్టాండు చేయించా. ఇప్పుడు వారంలో ఐదు రోజులు గ్యాసు. మిగతా రెండు రోజులూ కట్టెలే, కాకపోతే పొయ్యి పెరట్లోకి మారింది.