పెన్షన్ కాగితాల మీద ఇల్లాలి సంతకం కూడా ఉండాలి

సంపాదకులకు,

సైన్యం నుంచి రిటైరయ్యే మనిషి పెన్షన్ కాగితాలకు భార్యతో కలిసి దిగిన ఫొటో జత చేయాలి. పెన్షన్‌లో సగం దాకా అమ్ముకునే కమ్యుటేషన్ దరఖాస్తు కూడా ఆ కాగితాలతోనే వెళ్తుంది. దానికి మాత్రం ఆమె సమ్మతి అక్కర్లేదు, ఆ సంగతి ఆమె చెవిన పడాల్సిన పని కూడా లేదు. దాని మీద ఆమె సంతకాన్ని తప్పనిసరి చేయాలన్నదే ఈ లేఖలోని వాదన.

రాయ్‌పూర్ తెలుగువాళ్లకు ఇది దూరపు విషయం కాదు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఉత్తరాంధ్ర కుటుంబాలు రైల్వే కొలువులకు వచ్చాయి, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికీ వచ్చాయి. వాళ్ల పిల్లల్లో ఫౌజుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా సబ్ ఏరియా హెడ్‌క్వార్టర్స్ ఈ ఊళ్లోనే ఉంది, రాష్ట్ర సైనిక సంక్షేమ డైరెక్టరేటూ ఇక్కడే ఉంది. ఆఫీసులకు కొదవ లేదు. అయితే డిశ్చార్జ్ కాగితాలు నింపేది ఎక్కడో ఉన్న యూనిట్‌లో, అవి చేరేది సికింద్రాబాద్‌లోనో వెల్లింగ్టన్‌లోనో ఉన్న రికార్డ్ ఆఫీసుకు. ఇల్లాలు ఇక్కడ పిల్లల బడి, అత్తమామల మందులు చూసుకుంటూ ఉంటుంది. ఆయన ట్రంకుపెట్టెతో ఇంటికి వచ్చేసరికి నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి.

ఆ నిర్ణయాల బరువు తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి. ఆఖరి జీతం 50,000 రూపాయలు అనుకుందాం. పెన్షన్ అందులో సగం, అంటే 25,000. సైనికుడు అందులో 50 శాతం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు, సివిల్ ఉద్యోగికి ఆ పరిమితి 40 శాతమే. 40 ఏళ్ల వయసులో సగం అమ్ముకుంటే చేతికి ఒకేసారి సుమారు పదమూడున్నర లక్షలు వస్తాయి. బదులుగా పదిహేనేళ్లపాటు నెలకు 12,500 కోత పడుతుంది, మొత్తం ఇరవై రెండున్నర లక్షలు. కరువు భత్యం పూర్తి పెన్షన్ మీదే లెక్కగడతారు కాబట్టి అంత మేరకు ఊరట ఉంది. ఆ డబ్బుతో ఇల్లు కట్టుకున్నా, అప్పు తీర్చుకున్నా, కూతురి చదువుకు పెట్టుకున్నా మంచిదే. చుట్టాల వ్యాపారంలోకో చిట్టీల్లోకో పోతే మాత్రం పదిహేనేళ్లూ సగం పెన్షన్‌తో సంసారం ఈదాల్సింది ఆమె కూడా.

కమ్యూట్ చేసినంత మాత్రాన ఫ్యామిలీ పెన్షన్ తగ్గదు. ఈ సంగతి తెలియక భయపడే ఇల్లాళ్లున్నారు, భయపడాల్సింది మరో దగ్గర ఉందని తెలియనివాళ్లు అంతకన్నా ఎక్కువ. భర్త పోయాక ఎక్కువ రేటు, అంటే పై లెక్కలో 25,000, ఏడేళ్లపాటో, ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు వరకో, ఏది ముందైతే అంతవరకే వస్తుంది. ఆ తర్వాత ఆఖరి జీతంలో 30 శాతం, అంటే 15,000, దాని మీద కరువు భత్యం. ఆయన 45 ఏళ్లకు పోతే ఆమెకు ఏడేళ్ల వ్యవధి ఉంటుంది. 70 ఏళ్లకు పోతే ఆ ఏడేళ్లూ ఉండవు, మర్నాటి నుంచే 15,000. ఇంటి అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు, రాబడి మాత్రం నూటికి నలభై పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి రిటైర్మెంట్ నాటి డబ్బులో ఎంత పక్కన పెట్టాలన్నది ఆ రోజునే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.

కాగితంలో ఒక గడి ఖాళీగా వదిలేసినా నష్టమే. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆమెకు 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30 శాతం, 90కి 40, 95కి 50, నూరేళ్లకు రెట్టింపు. పీపీఓ అనే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో ఆమె పుట్టిన తేదీ లేకపోతే వయసు రుజువు చేసుకోవడానికి ఆ ముదిమిలో తిరగాల్సి వస్తుంది. కొడుక్కి ఫ్యామిలీ పెన్షన్ 25 ఏళ్ల వరకే. వైకల్యంతో, సంపాదించుకోలేని స్థితిలో ఉన్న బిడ్డకు జీవితాంతం వస్తుంది. అలాంటి బిడ్డల ఆదాయ పరిమితిని రక్షణ శాఖ 2021లో సడలించింది కూడా. ఆ బిడ్డ పేరు కుటుంబ వివరాలు నమోదయ్యే పార్ట్ టూ ఆర్డర్‌లోనూ పీపీఓలోనూ తండ్రి బతికుండగానే ఎక్కించుకునే వీలుంది. ఎక్కించిందీ లేనిదీ ఎప్పటికప్పుడు అడిగి చూసుకునేది తల్లే. ఆ ఫైలే ఆమె కంటపడకపోతే ఏం అడుగుతుంది?

ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి వెళ్లాలో చట్టమే చెబుతుంది. అది మృతుడి ఆస్తి కాదు, వీలునామాతో మరొకరికి రాసివ్వడం కుదరదు అని 1991లో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం కేసులో, వయొలెట్ ఐజాక్ తీర్పులో, సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇన్సూరెన్స్ అలా కాదు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు నామినేషన్‌లో రాసినవాళ్ల చేతికి వెళ్తుంది. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి మార్చకపోతే భార్య చేతికి రాదు. భార్య పేరొక్కటే రాస్తే ముసలి తల్లిదండ్రులు మిగిలిపోతారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం అయిదు కోట్లు ఇస్తూ, భార్యకు నాలుగు, తల్లిదండ్రులకు ఒకటి అని తానే పంచి ఇచ్చింది. దేశం కళ్లన్నీ ఉన్నచోట అలా జరిగింది. మామూలు హవల్దారు ఇంట్లో పంచిపెట్టడానికి ముఖ్యమంత్రి రాడు, ఆ పని నామినేషన్ కాగితమే చేయాలి.

ఇక ఛత్తీస్‌గఢ్‌లో యూనిఫాం అంటే సీఆర్పీఎఫ్ కూడా. 2004 జనవరి 1 నుంచి చేరిన సీఆర్పీఎఫ్, బీఎస్‌ఎఫ్ జవాన్లు ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ వ్యవస్థ) కిందికి వచ్చారు. వాళ్లకు పాత పెన్షనే వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరిలో తీర్పిచ్చినా సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఎన్‌పీఎస్‌లో రిటైరయ్యేటప్పుడు కనీసం 40 శాతం సొమ్ముతో యాన్యుటీ కొనాలి. తన ఒక్కడి ప్రాణంతో ముగిసే యాన్యుటీని ఎంచుకుంటే నెలకు కాస్త ఎక్కువ వస్తుంది, ఆయన పోయాక ఆమెకు సున్నా. 2025 ఏప్రిల్‌లో వచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం)లో భర్త పెన్షన్‌లో 60 శాతం భార్యకు హామీ ఉంది. ఒక్క టిక్కు గుర్తుతో ఒక మనిషి ముసలితనం తేలిపోయే చోట ఆ మనిషి మాటే అడగకపోవడం ఏ న్యాయం?

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. అమెరికా సైన్యంలో 1972 నుంచి ఉన్న పథకం ప్రకారం, రిటైరయ్యే సైనికుడు తన పెన్షన్ నుంచి 6.5 శాతం కట్టించుకుంటే, అతని తర్వాత భార్యకు 55 శాతం వస్తుంది. వద్దనుకున్నా, తక్కువకు కట్టుకున్నా, భార్య రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్న నిబంధన 1986 నుంచి అక్కడ అమల్లో ఉంది. మన దగ్గర ఫ్యామిలీ పెన్షన్‌కు చందా లేకపోవడం మన పద్ధతిలోని గొప్పతనమే. ఆ ఒక్క సంతకం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

‘ఆయన కష్టార్జితం, ఆయన ఇష్టం, మధ్యలో ఆమె సంతకం దేనికి’ అనేవాళ్లుంటారు. ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లూ ఇల్లు ఒంటిచేత్తో నడిపింది ఎవరో వాళ్లే చెప్పాలి. ఇక ఆమె రికార్డ్ ఆఫీసు దాకా ఎలా వెళ్తుందన్న ప్రశ్న. వెళ్లక్కర్లేదు. పెన్షన్ వ్యవహారమంతా ఇప్పుడు స్పర్శ్ అనే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది. సొంత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆమెను కూర్చోబెట్టి, ఆమెకు తెలిసిన భాషలో ఒక పేజీ చదివి వినిపించి, అక్కడే సంతకం తీసుకుని పంపవచ్చు.

రక్షణ శాఖ కమ్యుటేషన్ దరఖాస్తులో భార్య సంతకానికి ఒక గడిని చేర్చాలి. హోం శాఖ యాన్యుటీ ఎంపికకు కూడా అదే నియమం పెట్టాలి. నిబంధన మారేదాకా రాయ్‌పూర్‌లోని సైనిక సంక్షేమ డైరెక్టరేట్ హిందీలోనూ తెలుగులోనూ ఆ ఒక పేజీని అచ్చువేసి రిటైరయ్యేవాళ్ల ఇళ్లకు పంపవచ్చు, దానికి ఢిల్లీ ఆర్డరు అక్కర్లేదు. ఈ ఏడు ఇంటికి రానున్న జవాన్ల భార్యలు భర్తలకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి: ఎంత కమ్యూట్ చేస్తున్నారు, నామినేషన్‌లో ఎవరి పేరుంది, పీపీఓలో అందరి పుట్టిన తేదీలూ సరిగా ఉన్నాయా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాయ్‌పూర్, ఛత్తీస్‌గఢ్