మంచువాలు మీద పిల్లల హక్కు

అమెరికాలోని శీతల నగరాల్లో కొన్ని తరాల క్రితం మంచు బాగా కురిసిన రోజు పిల్లలకు పండుగ రోజే. ఉద్యానవనాల్లోని మిట్టలన్నీ వారి వశమయ్యేవి. స్లెడ్ అంటే చక్రాలు లేని చెక్కబండి. దాని అడుగున రెండు ఉక్కు పట్టీలుంటాయి. తాడు పట్టి దాన్ని మిట్టపైకి లాక్కుపోవాలి, దానిపై బోర్లా పడుకొని వాలు వెంట జర్రున జారాలి, మళ్లీ పైకెక్కాలి. కొన్ని క్షణాల ఆనందానికి అంతకు ఎన్నో రెట్ల శ్రమ! న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని పిల్‌గ్రిమ్ హిల్, సెడార్ హిల్ నేటికీ ఈ ఆటకు ప్రసిద్ధి.

తొలినాళ్లలో స్లెడ్‌ను మళ్లించాలంటే కాలు నేలకు ఈడ్చడమే మార్గం. ఫిలడెల్ఫియాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే శామ్యూల్ లీడ్స్ అలెన్ 1889లో, ముందున్న అడ్డుకర్రతో పట్టీలను వంచి దిశ మార్చగల స్లెడ్‌కు పేటెంట్ పొందాడు. ‘ఫ్లెక్సిబుల్ ఫ్లయర్’ పేరిట అది ఇంటింటికీ చేరింది.

ఈ ఆట చరిత్రలో ఆలోచింపజేసే ఘట్టం ఒకటుంది. 1775 జనవరిలో బోస్టన్ నగరం బ్రిటిష్ సైన్యం గుప్పిట్లో ఉంది. జనరల్ హాల్డిమండ్ సేవకుడు పిల్లలు జారే వాలును తవ్వి, దానిపై బూడిద చల్లాడు. పిల్లలు రాళ్లు రువ్వలేదు. కొందరు ప్రతినిధులుగా వెళ్లి, తమ తండ్రుల కాలం నుంచీ ఇది తమ ఆటస్థలమని జనరల్‌కే విన్నవించుకున్నారు. ఆయన విని, పాడుచేసిన వాలును బాగుచేయమని సేవకుణ్ణి ఆదేశించాడు. జాన్ ఆండ్రూస్ అనే వ్యాపారి ఆనాటి తన లేఖలో ఈ సంగతి రాశాడు. మరో మూడు నెలలకే అక్కడ యుద్ధం మొదలైంది. అంతటి ఉద్రిక్తతలోనూ పిల్లల ఫిర్యాదుకు ఒక సేనాధిపతి చెవి ఒగ్గాడు.

ఇటీవలి కాలంలో పెద్దల భయాలు పెరిగాయి. వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం మిట్టపై 2001 తరువాత భద్రత పేరిట స్లెడ్లను అడ్డుకున్నారు. 2015లో తల్లిదండ్రులు పిల్లలతో, స్లెడ్లతో తరలివచ్చి నిరసన తెలిపారు. ఆ ఏడాది చివరకు కాంగ్రెస్ ఆ నిర్బంధాన్ని సడలించింది.

భయం అసలే తగదని కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చూడండి. తమ్ముణ్ణి ఆటకు పంపమని అన్నలు అడిగినప్పుడు హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఆట తప్పనలేదు. వారు ఏమరుపాటుగా ఉన్న వేళ తోడేలు తినేస్తుందేమోనని భయపడ్డారు. అంటే ఆయన ఆందోళన ఆట గురించి కాదు, కాపలా గురించి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజులో సజ్దాలో ఉండగా మనవడు వీపునెక్కితే, పసివాడి ముచ్చట తీరేదాకా తల ఎత్తలేదు. వెనుక జమాఅత్ అంతా వేచి ఉంది! నసాయీ గ్రంథంలోని ఈ హదీసును మనం ఎన్నిసార్లు వినలేదు?

పిల్లలకు కావలసినవి రెండే: కాస్త చోటు, కాస్త సమయం. చోటు సమాజం ఇవ్వాలి, సమయం మనం ఇవ్వాలి. వీధి చివరి ఖాళీ స్థలం పిల్లలకు దక్కకుండా పోతుంటే, మొహల్లా పెద్దలుగా మాట్లాడవలసింది మనమే. అమెరికాలో స్థిరపడిన మన బిడ్డలు ఈ శీతకాలం ఫోన్ చేసినప్పుడు, “మనవలకు చలి తగలనివ్వకండి” అనడంతో సరిపెట్టకండి. “వెచ్చని బట్టలు తొడిగి, మీరూ వెంట వెళ్లి, ఒక్కసారి ఆ మిట్ట ఎక్కించండి” అని కూడా చెప్పండి. పిల్లలు మన చేతుల్లో అల్లాహ్ ఉంచిన అమానతు. వారి సంతోషం కూడా ఆ అమానతులో భాగమే.